నవనీత వదిలేసిన వాక్యం

పొద్దున ఎనిమిదిన్నరకు పాన్‌గల్ బస్సు ఎక్కేలోపు నవనీతకు తెమలాల్సిన పనులు ఇవి. నల్లా వచ్చే అరగంటలో డ్రమ్ములు నింపాలి. అత్త అమృతమ్మకు బీపీ గోలీ, గోరువెచ్చటి నీళ్లు చేతికివ్వాలి. ఆమెకు తానే తీసుకుని వేసుకోవడం రాక కాదు, కోడలు ఇస్తేనే పనిచేస్తుందని నమ్మకం. జొన్నరొట్టెలు ఆరు, పుంటికూర పప్పు చేయాలి. భర్త జగదీశ్‌కు చొక్కా ఇస్త్రీ చేయాలి, ఎంత ఎండాకాలమైనా పొడుగు చేతులదే. స్నానాలగది చెత్తబుట్టను అడుగుదాకా వెతకాలి. పరుపు కింద, బండి డిక్కీలో చూడాలి. ఆయన కళ్లలోకి, చూస్తున్నట్టు ఆయనకు తెలియకుండా చూడాలి. ట్యాబ్ ఛార్జింగ్ పెట్టుకోవాలి. ఇవన్నీ అయ్యాక పనికి పోవాలి. ఇంట్లోవాళ్ల లెక్కలో ఆ చివరిదొక్కటే పని కాదు. "కోడలికి జర టైంపాస్" అని అమృతమ్మ చుట్టాలకు చెబుతుంది.

జగదీశ్ వనపర్తిలో ఒక ప్రైవేటు నర్సింగ్ హోంలో మత్తు డాక్టరు. ఆపరేషన్‌కు ముందు మత్తిచ్చేదీ, తర్వాత నొప్పి తెలియకుండా సూది వేసేదీ ఆయనే. రెండేళ్ల క్రితం నడుము నొప్పికని ఆ సూదుల్లో ఒకటి తానే వేసుకున్నాడు. నొప్పి పోయింది, సూది మాత్రం పోలేదు. నవనీతకు మొదట దొరికింది బాత్రూం జాలీలో ఇరుక్కున్న సూదిమందు సీసా గాజు మూత ముక్క. ఆమె దాన్ని చేతిలో పట్టుకుని అడిగినప్పుడు ఆయన ఏడ్చాడు. "ఎవరికన్న తెలిస్తే నా రిజిస్ట్రేషన్ పోతది నవనీతా. వేరే డాక్టరెందుకు, నువ్వున్నవు కదా. నువ్వే నన్ను మాన్పియ్యి" అన్నాడు. అమృతమ్మకు తెలిశాక ఆమె అన్నది ఒక్కటే మాట. "బయట పడనియ్యకు బిడ్డా. ఇంట్ల ఆడోళ్లున్నది దేనికి?"

అప్పటికి నవనీతకు హైదరాబాద్‌లో పీహెచ్‌డీ సీటు వచ్చి ఉంది. గద్వాల దగ్గర సీడ్ పత్తి చేన్లలో వేలి చివర్లతో పువ్వుకు పువ్వు అంటించే క్రాసింగ్ పనికి పోతూ బడి చదువు చదివిన పిల్ల, వాళ్లింట్లో డిగ్రీ దాటిన మొదటి మనిషి. ఎమ్మెస్సీలో ఆమె ప్రాజెక్టు పల్లీల్లోని ప్రొటీన్ మీద. ప్రొటీన్ అంటే ఒక పొడవాటి దారం తనకు తానే ఒక పద్ధతిలో మడతపడటం. దాన్ని గాఢమైన యూరియా నీళ్లలో, మనం చేనుకు చల్లే యూరియానే, వేస్తే మడతలన్నీ విప్పుకుంటాయి. యూరియాను ఒక్కసారిగా తీసేస్తే గడ్డలు కట్టి అడుగున పడుతుంది. కొంచెం కొంచెంగా తీసేస్తే కొంత తిరిగి తన మడతలోకి వస్తుంది. అంతా రాదు. "ఎంత తిరిగొచ్చిందో కొలిచి చెప్పమ్మా, ఎంత రావాలని అనుకుంటున్నవో చెప్పకు" అనేవారు ఆమె గైడ్. సీటు వదులుకుంటున్నానని చెప్పడానికి పోయినప్పుడు ఆయన కారణం అడిగారు. ఇంట్లో అత్తకు బాగాలేదని చెప్పింది. అది ఆమె జగదీశ్ కోసం ఆడిన మొదటి అబద్ధం.

తర్వాత లెక్కపెట్టలేదు. "సార్‌కు వైరల్ ఫీవర్." "సార్‌కు కడుపు నొప్పి." నర్సింగ్ హోం వాళ్లకు ఫోన్ చేసే పని ఆమెది. చెమటలు పట్టి వణుకుతుంటే తుడిచే పని ఆమెది. ఒక నోట్‌బుక్కు పెట్టి, ఆయన రోజుకు ఎన్ని సూదులకు తగ్గాడో రాసి గీత గీసే పనీ ఆమెదే. ప్రొటీన్ విషయంలో పనికొచ్చినట్టే మెల్లగా తగ్గిస్తే మనిషి కూడా తిరిగొస్తాడనుకుంది. గీత చక్కగా కిందికి దిగింది. పోయిన నెల ఏడో తారీఖుకు ముందు పది రోజులు ఆయన్ని ఇంట్లోనే ఉంచింది. ఆఖరి నాలుగు రోజులు సున్న. ఏడో తారీఖు మంగళవారం చొక్కా ఇస్త్రీ చేసి ఇచ్చి, నర్సింగ్ హోంకు తానే ఫోన్ చేసి, "సార్‌కు పూర్తిగా తగ్గింది, డ్యూటీకి వస్తున్నరు" అని చెప్పింది. ఆ సాయంత్రం ఆయన నెమ్మదిగా, నవ్వు మొహంతో వచ్చాడు. రెండు రొట్టెలు అడిగి వేయించుకున్నాడు. "నీ చేతి పప్పు తిని ఎన్ని దినాలైందో" అన్నాడు. పెళ్లయ్యాక తనకు అంత సంతోషమైన రోజు ఇంకొకటి లేదని ఆమె అనుకుంది.

పీహెచ్‌డీ పోయాక ఆమెకు దొరికింది ఈ ఉద్యోగం. హైదరాబాద్‌లోని మానసిక వైద్యులు ఊళ్లలోని మనుషులను వీడియోలో చూసి వైద్యం చేస్తే ఎంతవరకు పనిచేస్తుందో తేల్చే పరిశోధన అది. నవనీత ట్యాబ్ పట్టుకుని వనపర్తి, నాగర్‌కర్నూల్ ఊళ్లు తిరగాలి. పేషంట్ పక్కన కూర్చోవాలి. ఊరి మాట డాక్టరుకు అర్థం కాకపోయినా, సిగ్నల్ తెగి వినబడకపోయినా, పేషంట్ అన్న మాటను తాను తిరిగి చెప్పాలి. దానికి ఒకటే నిబంధన: ఒక్క మాట కలపకూడదు, ఒక్క మాట వదలకూడదు. ఏడాదిన్నరగా ఆమె ఆ నిబంధన తప్పలేదు. ఇంట్లో రోజూ అబద్ధం ఆడే మనిషికి, రోజులో ఆ కొన్ని గంటలు ఉన్నదున్నట్టు చెప్పడం స్నానం చేసినట్టుండేది.

ఆ రోజు పాన్‌గల్‌లో ఆశ వర్కర్ మెహబూబీ బస్టాండుకే వచ్చి ఎదురుచూస్తోంది. అక్కడికి కోసు దూరంలోని ఊళ్లో ఈరమ్మ అనే ఆమె ఇంటికి తీసుకుపోయింది. నలభై ఆరేళ్ల మనిషి, ముందర చాటలో పల్లీలు వలుస్తూ కూర్చుంది.

"ఈరమ్మక్కా, కొంగు సక్కగ ఏసుకో, హైదరాబాద్ మేడం టీవీల చూస్తది నిన్ను" అంది మెహబూబీ.

"ఇంట్లున్న మొగడే చూడడు, గంత దూరం మేడం ఏం చూస్తదే నన్ను" అంది ఈరమ్మ. మెహబూబీ నవ్వింది గానీ ఆమె నవ్వలేదు.

ట్యాబ్‌లో మానసిక వైద్యురాలు డాక్టర్ సింధూజ కనిపించింది. నవనీత రిఫరల్ చీటీ తెరిచింది. 'గర్భసంచి ఆపరేషన్ తర్వాత అకారణంగా నొప్పి, కేకలు, ఆందోళన. మానసిక వైద్యుల సలహా అవసరం.' కింద ఆపరేషన్ తారీఖు, పోయిన నెల ఏడు. చీటీ రాసిన చేతిరాత ఆమెకు తెలుసు. తమ ఇంటి సరుకుల చీటీలన్నీ ఆ రాతలోనే ఉంటాయి.

"ఏమైందో మీ మాటల్లో చెప్పండి ఈరమ్మ గారు" అంది సింధూజ.

"ఆపరేషన్ అయినంక నడుము కిందికి తిమ్మిరి ఇడిసింది మేడం. ఇడిసినకాంచి కోసినకాడ ఒకటే మంట. మత్తు సారు ఆయనే స్వయంగ వచ్చి సూది ఏసిండు, ఇంక నొప్పుండదు అన్నడు. ఒక్క ఇసుమంత తగ్గలె. మల్ల పిలిస్తే మల్ల ఏసిండు. నీళ్లు ఏసినట్టే ఉండె. సూది పట్టుకుంటే ఆయన చెయ్యి వణుకుతుండె మేడం, నేను చూసిన. తెల్లారేదాక అరిసిన. పొద్దున వచ్చి ఆయన సిస్టర్‌తోని, ఈమెకు మెంటల్ ఉన్నట్టుందన్నడు. ఇప్పుడు మా ఇంట్ల గూడ గదే మాట. మా ఆయన ఎర్రగడ్డ దవాఖానల ఏస్త అంటుండు. తెల్ల కోటు కనవడితే నాకు పానం పోయినట్టయితది. కండ్లు మూస్తే నిద్ర రాదు."

బొమ్మ ఆగిపోయి మళ్లీ కదిలింది. "నవనీతా, ఇక్కడ తెగిపోయింది. ఏమన్నారు?"

నవనీత చెప్పింది. తిమ్మిరి విడిచాక మంట అన్నారు మేడం. సూది వేసినా తగ్గలేదన్నారు. రాత్రంతా అరిచారు. నిద్ర లేదు. తెల్ల కోటంటే భయం. అంతా చెప్పింది. నీళ్లు వేసినట్టుందన్న మాట, చెయ్యి వణికిందన్న మాట వదిలేసింది. సింధూజ రాసుకుంది. "సూదికి కూడా తగ్గని నొప్పి అంటే ఆందోళనే ఎక్కువ కావచ్చు. గోలీలు మొదలుపెడదాం. సోమవారం మళ్లీ చూస్తాను" అంది.

ట్యాబ్ మూస్తుంటే ఈరమ్మ ఆమె మణికట్టు పట్టుకుంది. "నువ్వు చెప్పు బిడ్డా, నాకు నిజంగనే పిచ్చి లేసిందా? నాకు గూడ గట్లనే అనిపిస్తుంది ఇప్పుడు. నొప్పి ఉండెనో, లేకుండెనో."

నవనీత మణికట్టు విడిపించుకుని ట్యాబ్ సంచిలో పెట్టుకుంది. బస్సులో కిటికీ పక్కన కూర్చుని నోట్‌బుక్కులోని సున్నలు గుర్తుచేసుకుంది. ఆ అంకెలు ఎవరు చెప్పినవి? ఆయనే. తాను కొలిచింది ఏదీ లేదు. ఇంట్లో చెత్తబుట్టలో గాజు దొరకలేదంటే ఆయన మానేశాడని కాదు, వేరే చోట వేసుకుంటున్నాడని. ఈరమ్మ కోసం తెరిచిన మందు ఆయన ఒంట్లోకి పోయింది. ఈరమ్మ ఒంట్లోకి ఉప్పునీళ్లు పోయాయి. ఆ సాయంత్రం ఆయన మొహంలో చూసి తాను మురిసిపోయిన నెమ్మది ఈరమ్మది. ఆ పొద్దున ఫోన్ చేసి, చొక్కా ఇచ్చి, ఆయన్ని ఆమె మంచం దగ్గరికి పంపింది తానే. రెండేళ్లుగా సేవ అనుకుంటూ చేసిన చాకిరీ ఇంకొక ఆడమనిషి మీద ఇట్లా పడుతుందని ఆమెకు ఎప్పుడూ తట్టలేదు.

ఆదివారం మధ్యాహ్నం అన్నాలయ్యాక అడిగింది. "పోయిన నెల ఏడో తారీఖు ఈరమ్మకు ఏం సూది ఏసిన్రు?"

జగదీశ్ ఫోన్‌లోంచి తలెత్తలేదు. "ఎవరు ఈరమ్మ?"

"పాన్‌గల్ దిక్కు ఆమె. మీరు మెంటల్ అని రాసిన ఆమె."

ఫోన్ బోర్లించి పెట్టాడు. తర్వాత, "సెలైన్. అయితే ఏంది? చచ్చిపోలేదు కదా" అన్నాడు. అన్నాక తన మాట తనకే వినబడినట్టు మొహం చిన్నబోయింది. "మానేస్త నవనీతా. నీ మీద ఒట్టు. ఈసారి నిజంగ. నువ్వు నోరిప్పకు. నేనా, ఆమెనా నీకు?"

వాకిట్లో బియ్యం ఏరుతున్న అమృతమ్మ చాటతోనే లోపలికి వచ్చింది. "గర్భసంచి తీస్తే నొప్పి లేకుంట ఎట్లుంటదే? నాకు తియ్యలేదా? పండ్లు కరుసుకోని ఊకున్న. అదేందో దానికొక్కదానికే అయినట్టు."

"మీకు నొప్పి లేసినప్పుడు ఎవరన్న సూది ఏసిన్రా అత్తమ్మా?"

"ఏసిన్రు మరి. ఏసినంక గింత తగ్గింది" అని, అమృతమ్మ ఆగిపోయింది. కోడలి మొహం చూసి, చాటలోకి చూసుకుంది. "నా కొడుకును రోడ్డు మీద పడేయకే" అంది, ఈసారి చిన్నగా.

"ఆయనకు దవాఖానల వైద్యం కావాలె అత్తమ్మా. నాతోని కాదు. నేను చేసింది వైద్యం కాదు, దాచిపెట్టుడు."

సోమవారం ఈరమ్మ ఇంటి ముందర మళ్లీ ట్యాబ్ తెరిచింది. సింధూజ పలకరించబోతుంటే నవనీత అడ్డం వచ్చింది. "మేడం, పోయినసారి ఈరమ్మ గారు చెప్పిన రెండు మాటలు నేను వదిలేశాను. సూది నీళ్లు వేసినట్టుంది అన్నారు. వేసిన డాక్టరు చెయ్యి వణికింది అన్నారు. అది నిజంగా ఉప్పునీళ్లే మేడం. ఆమెకు రావాల్సిన మందు ఆయనే వేసుకున్నాడు. ఆయన నా భర్త. రెండేళ్లుగా ఆ అలవాటు ఉంది."

సింధూజ రాస్తున్న పెన్ను పక్కన పెట్టింది. "ఇది రికార్డు అవుతోంది, నీకు తెలుసు కదా నవనీతా."

"తెలుసు మేడం. అందుకే ఇక్కడ చెబుతున్నాను."

ఈరమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "అంటే నాకు పిచ్చి లేదా మేడం?"

"లేదమ్మా. మీకు నొప్పి ఉండింది. మందు అందలేదు. ఆ భయానికి వైద్యం చేద్దాం, నయమవుతుంది" అంది సింధూజ. ఈరమ్మ పెద్దగా ఏడవలేదు. నవనీత వైపు తిరిగి, "గా సారు నీ మొగడా?" అని అడిగింది. నవనీత తలూపింది. ఈరమ్మ ఆమెను ఓదార్చలేదు, తిట్టలేదు. లోపలికి పోయి మొగణ్ణి చెయ్యి పట్టి తీసుకొచ్చి ట్యాబ్ ముందు నిలబెట్టింది. "మేడం, గా మాట ఈయనకు గూడ ఒక్కసారి చెప్పున్రి" అంది.

జగదీశ్ ఇప్పుడు హైదరాబాద్‌లో వైద్యంలో ఉన్నాడు. ఆపరేషన్ గదిలోకి మళ్లీ పోతాడో లేదో వైద్య మండలి తేలుస్తుంది. ఈరమ్మ విషయంలో పోలీసులు ఏం చేస్తారన్నది ఇంకా తేలలేదు. నవనీత ఈ ఏడాది మళ్లీ పీహెచ్‌డీకి దరఖాస్తు పెట్టింది. ఈ సంగతి తెలిసిన వాళ్లంతా ఆమెను అడిగేది డాక్టర్ గారి గురించే. ఎట్లున్నడు, పాపం, అంత చదువు చదివి అని. ఆయన్ని గుర్తుపెట్టుకునే వాళ్లు చాలామందే ఉన్నారు. చదివిన మీరు ఈరమ్మను గుర్తుపెట్టుకోండి. తెల్లారేదాకా నిజం చెప్పి, పిచ్చిదనిపించుకున్న మనిషి.