బరువుగా ఉండు నాన్నా

బేకరీ మేస్త్రి ఎక్కడ కూర్చున్నా సగమే కూర్చునేవాడు. మిగతా సగం బరువు తన కాళ్ల మీదే ఉంచుకునేవాడు. కుర్చీ కిర్రుమంటుందేమోనని, బస్సులో పక్కవాడు గొణుగుతాడేమోనని ఆయనకి భయం. చూసేవాళ్లకి హాయిగా చేరగిలబడినట్టే ఉంటుంది గాని, లోపల తొడలు రెండూ బిగబట్టి గాలిలో వేలాడుతున్నట్టే ఉండేవాడు. ఏళ్ల తరబడి రొట్టెల పొయ్యి ముందు నిలబడి అరిగిపోయిన మోకాళ్లు చివరికి ఆ పనికి కూడా మొరాయించాయి, అయినా ఆయన మానలేదు.

ఆ ఇంట్లో ముగ్గురూ ముగ్గురే. మేస్త్రి ఒక పిండిబస్తా అయితే, ఇంట్లోనే మిషను పెట్టుకుని బట్టలు కుట్టే ఆయన భార్య రెండో బస్తా. కూతురు పుట్టినప్పుడు గుప్పెడంత ఉంటే నాయనమ్మ ముద్దుగా "పిచ్చుక" అంది. పేరు నిలిచింది, ఆ సైజు నిలవలేదు. "పిచ్చుక దిగుతోందర్రా, మెట్లు గట్టిగా పట్టుకోండి" అని కింది వాటా వాళ్లు ఏడిపిస్తే పిల్ల నవ్వేసి, మెట్లకేం కాలేదు మీ పళ్లు జాగ్రత్త అనేసి పోయేది. మేస్త్రికి మాత్రం నవ్వు వచ్చేది కాదు. రోజూ పొద్దున్నే స్నానం చేసి దేవుడి పటం ముందు నిలబడి, నా ఒళ్లు నాకిచ్చావు సరే, దాన్ని తెచ్చి పిల్లకి కూడా ఎందుకు పంచావు స్వామీ అని అడిగేవాడు. అడిగాక, దేవుణ్ణి అలా నిలదీయొచ్చో లేదోనని ఇంకో దణ్ణం పెట్టి వచ్చేవాడు.

పిచ్చుకకి ఊహ తెలిసినప్పటినుంచీ ఒకటే కోరిక, ఫైర్ ఇంజను ఎక్కాలని. దానికో కారణం ఉంది. దాని చిన్నతనంలో ఒకరోజు బేకరీ పొగగొట్టం అంటుకుంది. ఎర్ర బండిలో వచ్చిన మనిషి ఒకడు పొగలో మేస్త్రిని పట్టుకుని భుజాన వేసుకోబోయాడు. లేపలేకపోయాడు. మళ్లీ ప్రయత్నించి, ఇక లాభం లేదని చెయ్యి పట్టుకుని నడిపించుకుని బయటికి తెచ్చాడు. ప్రమాదం తప్పిందన్న సంబరంలో వీధంతా ఆ ముచ్చట చెప్పుకుని పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. మేస్త్రి కూడా వాళ్లతో పాటు నవ్వాడు, మరి ఏం చేస్తాడు. పిచ్చుక ఒక్కతే నవ్వలేదు. ఆ పూట అన్నం తింటూ తినేది ఆపి అడిగింది.

"నాన్నా, నువ్వు నడవలేకపోయుంటే?"

 ఆ ప్రశ్న దాని మనసులోనే ఉండిపోయింది.

ఇన్నేళ్లకి ఫైర్ ఉద్యోగాలు పడ్డాయి. రాతపరీక్ష గట్టెక్కింది, పరుగు గట్టెక్కింది. వైద్య పరీక్షలో బరువు తూచే యంత్రం దగ్గర ఆగిపోయింది. ఇంత ఎత్తుకి ఇంత బరువు మించకూడదని గోడకి ఒక పట్టిక వేలాడుతోంది. పిచ్చుక దాన్ని దాటి చాలా దూరమే వెళ్లింది. అక్కడి డాక్టరమ్మ రివటలా సన్నగా ఉంటుంది. చెడ్డ మనిషి కాదు, గొంతు కూడా మెత్తనిదే. తలుపు తెరిచి ఉంది. ఎదురుగా వరండాలో బెంచీ మీద మేస్త్రి, ఆయన భార్య. డాక్టరమ్మ చూపు వాళ్ల మీద ఒకసారి వాలి మళ్లీ పిల్ల మీదికి వచ్చింది.

"ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా అమ్మా? తల్లీ తండ్రీ ఇద్దరూ భారీగా ఉన్న ఇళ్లలో పిల్లలకీ కొవ్వు పేరుకోవడం ఎక్కువ. ఇది నా నోటిమాట కాదు. ఇవాళ పరిగెత్తావు, సరే. నాలుగేళ్లు పోయాక?"

బెంచీ మీద మేస్త్రి ఇంకాస్త పైకి లేచి కూర్చున్నాడు, అలా అయితే ఆవిడ కంటికి కొంచెం తక్కువ కనిపిస్తాడేమో అన్నట్టు.

శిక్షణ చూసే ఆఫీసరు నెరిసిన మీసాల మనిషి. ఆయన నిబంధనల కాగితం తిరగేసి, పట్టిక దాటినవాళ్లు మరోసారి పరీక్ష అడగొచ్చని చెప్పాడు. ఒంట్లో కొవ్వెంతో కండెంతో విడదీసి చెప్పే యంత్రం మీద నిలబడాలి. అది అయ్యాక శిక్షణ భవనం మూడో అంతస్తు నుంచి ఇసక నింపిన బొమ్మ మనిషిని వీపున వేసుకుని గడువులోగా కిందికి దింపాలి. రెండూ అయితేనే ఉద్యోగం. వయసు హద్దు ఈ విడతతో సరి. ఇప్పుడు పోతే మళ్లీ అడగడానికి కూడా లేదు.

 మర్నాటి నుంచి ఇంట్లో నూనె చుక్క పొయ్యెక్కలేదు. ఉడకబెట్టిన కూరలు, ఉప్పులేని గంజి. ఇది తిండా శిక్షా అని మేస్త్రి సణిగితే, మనం పెంచిన ఒళ్లే కదండీ దాని నెత్తికెక్కింది, మనమే దించాలి అని ఆవిడ కళ్లు ఒత్తుకుంది. పిచ్చుక రెండు రోజులు ఊరుకుంది. మూడో రోజు కంచం పక్కకి జరిపింది.

"కూరలు తింటానమ్మా, గంజి కూడా తాగుతాను. కడుపు మాత్రం మాడ్చకు. నేను పుల్లలా అయిపోతే నాన్నని ఎవరు దింపుతారు?"

అదీ సంగతి. వాళ్లది మూడో అంతస్తు. ఆ భవనంలో లిఫ్ట్ ప్రాణం ఎప్పుడు పోయిందో ఎవరికీ గుర్తు లేదు. ఈ పరీక్షలకి రెండేళ్ల ముందు మేస్త్రి మోకాలికి ఆపరేషన్ అయ్యాక, మెట్లు ఎక్కొద్దు దిగొద్దు, కాని వ్యాయామానికి ప్రతి వారం రావాలి అన్నారు ఆసుపత్రి వాళ్లు. ఎలా రావాలో వాళ్లు చెప్పలేదు. మోయడానికి ఇద్దరు మనుషుల్ని మాట్లాడితే, వాళ్లు వచ్చి మేస్త్రిని చూసి, టీ తాగి వస్తామని వెళ్లారు. ఆ టీ ఇంకా తాగుతూనే ఉన్నారు. పిచ్చుక గుమ్మంలో వంగి, ఎక్కు నాన్నా అంది.

మొదటిసారి మెట్ల మలుపు మలుపుకీ ఆగింది.  నువ్వు తిన్న బన్నులన్నీ నాకు లెక్క తెలుస్తున్నాయి అని రొప్పుతూనే తండ్రిని నవ్వించింది. మేస్త్రి మాత్రం ఆ రోజు సిగ్గుతో సగం చచ్చాడు. తర్వాత తర్వాత ఆయనే, పిండిబస్తాలు మోసినప్పుడు తను నేర్చుకున్న కిటుకు చెప్పాడు. నడుంతో లేపకూడదు, తొడలతో లేపాలి. మెట్టు మీద పాదం మొత్తం ఆనాకే రెండో పాదం కదలాలి. ఏడాది దాటేసరికి మలుపుల దగ్గర ఆగడాలు ఒకటొకటే పోయాయి. ఎప్పుడు పోయాయో తండ్రీ గమనించలేదు, కూతురూ గమనించలేదు.

దాని ఒంట్లో వచ్చిన మార్పు తల్లి చేతికి తెలియాలి నిజానికి. పిచ్చుక ఎలాగూ లావవుతుందని దాని చొక్కాలన్నిటికీ నడుం దగ్గర ఆవిడ గుడ్డ లోపలికి మడిచి కుట్టేది, తర్వాత విప్పుకోవచ్చని. ఆ మడత విప్పే పని ఎప్పుడూ పడలేదు. పిగిలిపోయేవి భుజాలు. ఆవిడ దారం మంచిది కాదని కొట్టువాణ్ణి తిట్టి కొత్త దారం తెచ్చుకుంది.

ఆ రెండో పరీక్ష రోజు వచ్చింది. పొద్దున మేస్త్రి దేవుడి ముందు నిలబడితే ప్రశ్నలేవీ రాలేదు. పిల్ల పని అయ్యేలా చూడు అని మాత్రం అన్నాడు. పిచ్చుక ఆయన్ని కిందికి దింపింది. ముగ్గురూ బస్సులో వెళ్లి మళ్లీ ఆ బెంచీ మీదే కూర్చున్నారు.

యంత్రం దగ్గర ఎక్కువసేపు పట్టలేదు. డాక్టరమ్మ వచ్చిన అంకెలు చూసి, యంత్రాన్ని తుడిపించి, పిల్లని మళ్లీ నిలబెట్టింది. అంకెలు మారలేదు. కొవ్వు హద్దులోనే ఉంది. మిగతా బరువంతా కండా ఎముకా. ఇంత కండ ఎక్కడిది, బరువులెత్తే ఆటలు ఆడతావా అని అడిగింది. ఆడను, మా నాన్నని మోస్తాను అంది పిచ్చుక. ఆవిడ పరాచికమనుకుని నవ్వింది.

అంతలో భవనం వైపు నుంచి గోల వినిపించింది. అంతకుముందు వచ్చిన అభ్యర్థి బొమ్మ మనిషిని మెట్ల మీద జారవిడిచాడు. కుట్లు పిగిలి ఇసకంతా మెట్ల మీద పారింది. వేరే బొమ్మ తెప్పించాలంటే నెల పైనే. ఈ విడత ఫలితాలు సాయంత్రానికే పైకి వెళ్లాలి. ఆఫీసరు మీసం దువ్వుకుంటూ నిలబడ్డాడు. అంత బరువు ఉన్నది ఇంకేదైనా ఉంటే బాగుండేదమ్మా, మనిషి ఆకారంలో ఉండాలి మరి అన్నాడు, తప్పు తనదే అన్నంత బాధగా.

మేస్త్రికి ఆ మాట వినపడింది.  చేతికర్ర అందుకుని లేచాడు.

"అయ్యా, మనిషి ఆకారమే కదా కావలసింది. నేను ఉన్నాను."

బతికున్న మనిషితో పరీక్ష ఎలాగండీ, జారితే ఎవరిది బాధ్యత అన్నాడు ఆఫీసరు. జారితే అది మా ఇంటి గొడవ, ఇంటికెళ్లి తేల్చుకుంటాం అన్నాడు మేస్త్రి. ఆఫీసరు నిబంధనలు మళ్లీ తిరగేశాడు. బరువు తగ్గకూడదని ఉంది గాని ఇసకే ఉండాలని లేదు. నడుముకి తాడు కట్టించి, ముందు ఇద్దరు, వెనక ఇద్దరు మనుషుల్ని నడిపిస్తానన్నాడు. ముందు బొమ్మకి సరిపోతారో లేదో తూచాలి కదా అని గొణిగాడు.

మేస్త్రి ఏళ్లుగా తప్పించుకు తిరిగింది బరువు తూచే యంత్రం నుంచే. ఇంత మంది ముందు దాని మీద నిలబడాలి. పిచ్చుక దగ్గరికి వచ్చి, నీకు ఇష్టం లేకపోతే వద్దు నాన్నా అని మెల్లగా అంది. ఆయన చెప్పులు విప్పి ఎక్కాడు. ముల్లు బొమ్మ బరువు దాటి, ఇంకా ముందుకెళ్లి, అక్కడ ఆగింది. ఎవరూ నవ్వలేదు.

"బొమ్మ కన్నా ఎక్కువే. పరీక్ష కష్టమవుతుంది, తెలుసు కదా?" అంది డాక్టరమ్మ.

"వారం వారం ఉండే కష్టమేనండి" అంది పిచ్చుక.

అప్పుడు ఆఫీసరుకి ఇంకో సందేహం వచ్చింది. మోకాలు బాగాలేని ఈయన అసలు మూడో అంతస్తుకి ఎక్కేదెలా అని. పిచ్చుక అప్పటికే తండ్రి ముందు వంగింది. ఎక్కించేదీ నేనే అంది. ముందు నడవాల్సిన ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

పైకి ఎక్కడం లెక్కలోది కాదు. పైన కాసేపు ఊపిరి తీసుకోనిచ్చి, ఆఫీసరు గడియారం నొక్కాడు. దిగడం మొదలైంది. ఇంటి మెట్లు మేస్త్రికి తెలుసు. ఇవి ఇరుకు, పైగా ఎక్కడో ఇంకా ఇసక రేణువులు కరకరమంటున్నాయి. రెండో అంతస్తు మలుపులో పిచ్చుక పాదం కొంచెం జారి నిలిచింది.  మేస్త్రి ఒళ్లంతా బిగబట్టాడు. తొడలు గట్టిపడ్డాయి, చేతులు దాని మెడ చుట్టూ బిగిశాయి. కుర్చీలో ఎలా సగమే కూర్చుంటాడో, కూతురి వీపు మీద కూడా అలాగే సగమే ఉన్నాడు. పిచ్చుక ఆగిపోయింది. కింద గడియారం పరిగెడుతోంది. దాని ఊపిరి ఆయన చెవికి తగులుతోంది.

"నాన్నా, తేలికవ్వాలని చూడకు. నువ్వు బిగుసుకుంటే బరువు పక్కకి పోతోంది. బరువుగా ఉండు నాన్నా. నీ బరువు నాకు తెలుసు."

పుట్టి బుద్ధెరిగాక ఆయనతో ఆ మాట అన్నవాళ్లు లేరు. తగ్గమన్నవాళ్లే అందరూ. మేస్త్రి కళ్లు మూసుకున్నాడు. ముందు చేతులు వదులు చేశాడు. తర్వాత తొడలు. తర్వాత ఎక్కడెక్కడో ఏళ్లుగా పట్టి ఉంచినదంతా వదిలేశాడు. ఉన్నదున్నట్టు మొత్తం మనిషి కూతురి వీపు మీద వాలాడు. దాని వీపు ఒక్క అంగుళం కుంగింది. ఆ తర్వాత నేలలా నిలిచింది. పాదం మొత్తం ఆనింది, రెండో పాదం కదిలింది. మెట్టు మీద మెట్టు, ఆగకుండా, ఇంట్లో దిగినట్టే దిగింది.

కింద అడుగు పెట్టి, మోకాళ్లు వంచి, తండ్రిని గాజు సామానులా నేల మీద దింపింది. ఆఫీసరు గడియారం చూశాడు. చెవి దగ్గర పెట్టుకుని అది నడుస్తోందో లేదో చూశాడు. ఇంకా బోలెడు గడువు మిగిలి ఉందమ్మా అన్నాడు. మీసాల కింద నవ్వు దాగలేదు. ముందు నడిచిన ఇద్దరూ చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు అందుకుని ఆవరణలో ఉన్నవాళ్లంతా కొట్టారు. బొమ్మని జారవిడిచిన కుర్రాడు అందరికన్నా గట్టిగా కొట్టాడు.

బెంచీ మీద పిచ్చుక తల్లి మొదటినుంచీ కళ్లు మూసుకుని దేవుణ్ణే తలుచుకుంటోంది. చప్పట్లకి ఒక కన్ను తెరిచింది.

"అయిపోయిందా? పడ్డారా?"

"దిగాం" అంది పిచ్చుక. ఆవిడ లేచి వచ్చి ముందు కూతురి మొహం తుడిచింది, తర్వాత దాని భుజాలు తడిమింది. అక్కడ చొక్కా మళ్లీ పిగిలింది. ఈసారి దారాన్ని తిట్టలేదు. చాలాసేపు ఆ భుజం మీద చెయ్యి అలాగే ఉంచింది.

డాక్టరమ్మ కాగితం మీద సంతకం చేసి తనే తెచ్చి ఇచ్చింది. ఆ రోజు తొందరపడి ఒక మాట అన్నానండీ, మామూలుగా అయితే అది నిజమే అంది. మేస్త్రి చేతులు జోడించాడు.

"ఇప్పుడూ నిజమేనమ్మా. మా బరువే దానికి వచ్చింది. మేం వీపున వేశాం, అది కండ చేసుకుంది."

ఆవిడ నవ్వి, మీరు మాత్రం ఆ ఉప్పులేని గంజి మానొద్దు, మీ మోకాలికి మంచిది అని తన వైద్యం తను చెప్పి వెళ్లింది. అంటే ఇంట్లో జరిగిందంతా పిచ్చుక వాగేసిందన్నమాట.

బస్సుకి ఇంకా టైముంది. మేస్త్రి బెంచీ దగ్గరికి నడిచాడు. అలవాటుగా తొడలు బిగుసుకోబోయాయి. ఆగాడు. పొద్దున అడగని ప్రశ్న గుర్తొచ్చింది గాని, జవాబు అందాక ప్రశ్న ఎందుకని వదిలేశాడు. స్వామీ, కూర్చుంటున్నాను అని మనసులో అనుకుని, మొత్తంగా కూర్చున్నాడు. బెంచీ కిర్రుమంది. నలుగురు తిరిగి చూశారు. చూడనీ అనుకుని కాళ్లు చాపాడు. ఆయన పక్కన భార్య కూర్చుంది, మధ్యలో ఇరికి పిచ్చుక కూర్చుంది. బెంచీ ఇంకోసారి కిర్రుమని, ముగ్గుర్నీ మోసుకుంటూ ఊరుకుంది.