వేర్లు కోసిన తుమ్మికూర

మా అత్తగారింటి గేటుకు గొళ్ళెం లోపలివైపే ఉండేది. తీసుకొని బయటికి పోవడానికి ఎవరూ అడ్డం కూర్చోలేదు. ఎందుకు పోతున్నానో చెప్పడానికి ఒక పని మాత్రం ఉండాలి. ఎమర్జెన్సీ ఎత్తేసిన ఏడు నేను సుబేదారిలో ఆ ఇంటికి కోడలిగా వచ్చాను. నాకు దొరికిన పని వారానికోసారి కూరాకు తేవడం. అత్తమ్మ లక్ష్మీనర్సమ్మకు మోకాళ్ళ నొప్పులు. మా ఆయన రాజమల్లుకు ఆఫీసు.

చౌరస్తా అవతల కూరగాయల అంగడిలో గోనెసంచి పరుచుకొని మా అవ్వ కూర్చునేది. నన్ను కన్న అవ్వ, మొగిలమ్మ. పొద్దున బస్సులో ఊరి నుంచి గంపతో వచ్చి, సాయంత్రం బస్సుకు తిరిగి పోయేది. వియ్యపురాలు అంగట్ల కూర్చుంటదని నలుగురికి చెప్పుకోవడం అత్తమ్మకు నామోషీ. అందుకే అవ్వను ఇంటికి రమ్మన్నది లేదు. అవ్వకూ ఒక పట్టింపు ఉంది, నాకు పిల్లలు పుట్టేదాకా నా ఇంట్లో మంచినీళ్ళు కూడా ముట్టదు. కాబట్టి ఆ గోనెసంచి అంచున కూర్చునే కాసేపే నాకు పుట్టిల్లు.

"పోయి జల్ది రా. ఆడ కూసొని ముచ్చట్లు పెట్టకు" అని అత్తమ్మ సంచి ఇచ్చి పంపేది.

ముచ్చట్లు ఏముంటాయి? అవ్వ బేరం చేస్తూనే నన్ను పైనుంచి కిందికి చూసేది. "మెడకాడ ఎముకలు తేలినయేందే? తింటున్నవా?" అనేది. నేను తల ఊపేదాన్ని. తర్వాత నా సంచి నిండా పొన్నగంటి, తీగబచ్చలి, పుదీన కుక్కేది.

ఆ కూర ఒలిచాక కాడలు మిగిలేవి. పొన్నగంటి కాడకు కణుపు కణుపుకు తెల్లటి వేర్లుంటాయి. మా ఊళ్ళో వేరున్న కాడను ఎవరూ పెంటలో వేయరు, మట్టి కనబడితే గుచ్చుతారు. చేతులకు అదే అలవాటు. గిన్నెలు తోమిన నీళ్ళు పారే జాలారు పక్కన, గోడ పొడుగునా, ఒక్కొక్క కాడే గుచ్చాను. ఇంకేమీ ఆలోచించలేదు.

ఎండాకాలం వచ్చేసరికి బచ్చలి గోడ ఎక్కి అవతల సుల్తానా బేగం వాకిట్లోకి తొంగి చూసింది. పొన్నగంటి నేల కనబడకుండా అల్లుకుంది. ఇవి ఒక పంటతో పోయేవి కావు. కోసినచోట రెండు చిగుర్లు వేస్తాయి.

సుల్తానా బేగం గోడ మీంచి కట్ట అందుకుంటూ అత్తమ్మతో అన్నది: "లక్ష్మీనర్సమ్మా, నీ కోడలు చెయ్యి పెడితే బండకు గూడ ఆకులొస్తయి."

"మరేమనుకున్నవ్? ఇగ మాకు అంగడి ఫికరే లేదు" అని అత్తమ్మ నవ్వింది. సంచిని మడిచి అటక మీద పెట్టింది.

నేను అక్కడే నిలబడి ఉన్నాను. అప్పుడు తెలిసింది, నేను గుచ్చింది ఏమిటో.

తర్వాత వారం అంగడికి పోయొస్తానని అడిగాను. "దేనికి? ఇంట్ల ఉన్నది చాలదా?" అన్నది అత్తమ్మ. కోయకుండా వదిలేస్తే ముదిరి పీచుపడుతుందని వదిలేశాను. ఆమే పీట వేసుకొని కోయడం మొదలుపెట్టింది. అన్నం వార్చిన గంజి కాగుతుండగానే మొక్కల మొదళ్ళలో పోశాను. రెండు రోజులు వాడి, వానపడగానే ఇంకా బలంగా లేచింది. మా ఆయనతో చెప్తే, "అవ్వను చూడబుద్ధయితే అమ్మనే అడుగు" అని పేపరు మడిచాడు.

ఇక మిగిలింది వినాయక చవితి. ఆరోజు తుమ్మికూర తినాలి. తుమ్మిని ఎవరూ పండించరు, చేన్లల్ల తనంత తాను మొలుస్తుంది. రోడ్డు పక్కది కుక్కలు తొక్కిందని అత్తమ్మ ముట్టదు. పోయిన చవితికి నాకు జ్వరమొస్తే మా ఆయన తుమ్మి అనుకొని ఏదో పిచ్చాకు తెచ్చాడు. "నీకన్న బర్రె నయం, అది వాసన చూసి తింటది" అని అత్తమ్మ కొడుకును నవ్వులపాలు చేసింది. ఈసారి మాత్రం ఆమే అన్నది: "రేపు చవితి. పూలమ్మా, నువ్వే పోయి మీ అవ్వ దగ్గర తుమ్మికూర పట్టుకరా."

సంచి అటక దిగింది. గబగబా జడ వేసుకున్నాను.

చెప్పులు వేసుకునేముందు జాలారులో కాళ్ళు కడుక్కుంటూ చూశాను. పొన్నగంటి మధ్యలో, గోడ నీడన, సన్నటి ఆకులు, తెల్లటి పూలు. ఒక్క మొక్క కాదు, గుబురుగా ఉన్నాయి. అవ్వ గంపలోంచి కాడలతోపాటు గింజలు కూడా వచ్చి ఉంటాయి. ముగ్గురికి సరిపోయేంత తుమ్మి.

వెనుక పీట చప్పుడైంది. "ఆగు, సుల్తానాకు ఇంత బచ్చలి కోసిచ్చి పో. కాదులే, నేనే కోస్త" అంటూ అత్తమ్మ మెట్టు దిగుతోంది.

"మీకు మోకాళ్ళు నొస్తయి, అత్తమ్మా. నేను కోస్త."

ఆమెకు వీపు అడ్డం పెట్టి కూర్చున్నాను. ఎడమ చేత్తో బచ్చలి తుంచుతూ, కుడి చేత్తో తుమ్మి మొదళ్ళన్నీ కలిపి పట్టుకొని లాగాను. వేర్లు మట్టితో సహా వచ్చాయి. దేవుడికి పెట్టే కూర. జాలారు తూములోకి దాన్ని నూకి, పైన బురద కప్పాను.

"చేతికేందే ఆ వాసన?" బచ్చలి అందుకుంటూ అడిగింది.

"తూములో చెత్త అడ్డం పడ్డది. తీసిన."

ఆమె నా మొహం చూసింది. "సబ్బు పెట్టి కడుక్కొని పో" అన్నది అంతే.

అంగడిలో అవ్వ నన్ను చూసి లేవబోయి, గంప పట్టుకొని కూలబడ్డది. "సచ్చిపోయిననుకున్నవా ఏంది, ఇన్ని దినాలు కంటికి కనబడకపోతివి" అని తిట్టింది. తిడుతూనే నా చెయ్యి పట్టుకొని, ముక్కు దగ్గర పెట్టుకున్నది. సబ్బుకు పోని తుమ్మి వాసన.

"ఇంట్ల మొలిచిందా?"

"మొలిచింది."

"ఏం జేసినవ్?"

"పీకేసిన."

అవ్వ నా దిక్కు చూడలేదు. చవితి బేరాలు, జనం ఒకరిమీద ఒకరు పడుతున్నారు. తుమ్మికూర కుప్పను ముందుకు లాక్కుని, కొడవలి తీసి, ఒక్కొక్క మొక్క వేరూ కోసింది. పూలూ కాయలూ తుంచింది. "జర ఆగు" అని గిరాకీలను ఆపి మరీ కోసింది. బచ్చలి ఒక్క కాడ కూడా పెట్టలేదు.

"ఈ చలికాలం ఏది పంపినా మొలవనిదే పంపుత. ఎండాకాలం చింతచిగురు. చెట్టు మీది కూర నీ జాలార్ల మొలవదు గదా" అన్నది.

నేను తల ఊపాను. బస్సు హారన్లు, గిరాకీల అరుపులు. అత్తమ్మ చెప్పిన జల్ది అయిపోయింది.

గేటు గొళ్ళెం నేనే లోపలినుంచి వేసుకున్నాను. జాలారు దగ్గర చేతులు కడుగుతూ గోడ నీడన మళ్ళీ చూశాను. నేను పీకిన చోట మట్టి లేచి ఉంది. ఆ మట్టి మీద, పెసరగింజ కన్నా చిన్నవి, నల్లటి గింజలు. తుమ్మి ఎప్పుడో కాచి రాలింది. కొన్నింటిని గోటితో ఏరాను. మిగతావి మట్టిలో కలిసిపోయాయి, కనబడలేదు.

"ఇంకా ఏం జేస్తున్నవే ఆడ?" అని లోపలినుంచి అత్తమ్మ పిలిచింది.