కనుబొమ్మ ఎత్తిన కారు

మా భవనంలో లిఫ్టుకి ఒక రూలుంది. ఎక్కడానికే తప్ప దిగడానికి వాడకూడదు. తలుపు మీద ఇత్తడి రేకు కొట్టి మరీ రాశారు. రాత్రి నన్ను అయిదో అంతస్తుకి మోసుకొచ్చిన లిఫ్టు, పొద్దున్న నా కళ్లముందే ఖాళీగా కిందికి పోతుంది. నేను మెట్లు దిగుతాను. ఇదేం న్యాయమని పదేళ్లుగా అడుగుతున్నాను. భవనం వాళ్ల సమావేశంలో మాత్రం రూలు ఉండాలనే చెయ్యెత్తాను. అందరూ ఎత్తారు మరి.

మెట్లు దిగితే మూడో అంతస్తులో ఒరెస్తే గారి తలుపు తగులుతుంది. ఇవాళ నా గొడవంతా ఆ తలుపే.

ఇటలీలో మా టురిన్‌లో కారు బాడీలు చేసే ఒక షెడ్డులో నేను బొమ్మలు గీస్తాను. ఈ వసంతంలో మోటారు ప్రదర్శనకి ఒకే ఒక్క కారు చేస్తున్నాం. ఇద్దరు కూర్చునే రేసు బండి. ఇలాంటిది మళ్లీ చెయ్యం. అల్యూమినియం రేకుని సుత్తితో కొట్టి వంపు తేవాలి. ఎడమవైపు మా ఆవిడ దెల్ఫీనా తమ్ముడు రెమీజో కొట్టాడు. కుడివైపు ఒరెస్తే గారు కొట్టారు. జూన్‌లో మా అమ్మాయిని ఇస్తున్నది ఆయన కొడుక్కే. వీళ్లిద్దరూ ఒకరి పని ఒకరు చూడరు. చూస్తే నేర్చుకున్నట్టవుతుందని.

నిన్న రెండు వైపులూ బిగించారు. కుడి మడ్‌గార్డు ఎడమదానికంటే రెండు వేళ్లు ఎత్తుంది. ముందునుంచి చూస్తే కారు ఒక కనుబొమ్మ ఎత్తి "అలాగా?" అంటున్నట్టుంది.

యజమాని బెర్జెరోనే నన్ను పిలిచాడు. "అయిదు రోజులే ఉంది. ఒక వైపు పీకి మళ్లీ కొట్టించగలం, రెండూ కుదరదు. బొమ్మ నీది. ఏది తప్పో రేపు ఎనిమిదింటికి నువ్వే చెప్పు."

వెళ్లి బొమ్మ చూశాను. మేం కారులో సగమే గీస్తాం, రెండో సగం దాన్ని బట్టే. ఆ సగంలో మడ్‌గార్డుకి రెండు గీతలున్నాయి. రెండూ నావే. ఒరెస్తే గారు పైదాన్ని బట్టి కొట్టారు, రెమీజో కిందిదాన్ని బట్టి. ఈ కారు రూపం ఊహించిన డిజైనరు కుర్రాయన ముందు పైది బాగుందన్నాడు, తర్వాత కిందిది అన్నాడు, ఆ తర్వాత "మొదటిదే నయం" అన్నాడు. వాటిలో మొదటిది ఏదో నాకు గుర్తు లేదు. ఆయన్నడిగితే "నువ్వు గీసిందే" అంటున్నాడు. ఒకటి చెరిపేవాణ్నే. మంచి రబ్బరు ఇంట్లో అతిథుల కప్పుల పక్కన ఉంది. అరిగిపోతుందని పనికి తీసుకెళ్లను.

సాయంత్రం రెమీజో భోజనానికి వచ్చాడు.

"బావా, నా వైపు తప్పన్నావనుకో, పెళ్లికి నేను రాను. అక్కా రాదు."

"మీ అక్క పెళ్లికూతురి తల్లిరా!"

"అందుకే చెప్తున్నా."

దెల్ఫీనా నా కంచంలో ఇంకో గరిటె మొక్కజొన్న పోలెంతా వేసింది. "మా తమ్ముడి రేకు పీకించండి, చూద్దాం. పెళ్లి మీరొక్కరే చేసుకురండి."

ఇవాళ పొద్దున్న చెప్పులు చేత్తో పట్టుకుని మెట్లు దిగాను. అయినా మూడో అంతస్తు తలుపు తెరుచుకుంది.

"బావగారూ! కాళ్లకి ఏమైంది? రండి రండి, కాఫీ పొయ్యి మీదుంది." ఒరెస్తే గారు నన్ను కూర్చోబెట్టారు. బల్ల మీద శుభలేఖ నమూనా. "ఇవాళ అచ్చుకిద్దామనుకున్నా. మీరు యజమానితో ఆ మాటేదో చెప్పాక ఇద్దామని ఆగా. తొందరేం లేదులెండి." నవ్వారు. "చక్కెర ఒకటా, రెండా?"

దానికీ కాస్త టైమివ్వమన్నాను.

ఏడున్నరైంది. కాఫీ చల్లారిపోతోంది. తప్పు నాదేనని చెప్పేయమనకండి. ఉద్యోగం ఊడినవాడి కూతుర్ని ఒరెస్తే గారు చేసుకోరు, రబ్బరు సంగతి తెలిస్తే దెల్ఫీనా ఊరుకోదు. బాబ్బాబు, మీరు ఇద్దరిలో ఎవరికీ చుట్టాలు కారు. ఎడమా, కుడా? కాస్త చెప్పి పుణ్యం కట్టుకోండి. చక్కెర సంగతి కూడా.