సగం గిన్నె లంబ్రూస్కో

గుడ్డు కలిపిన పిండిని పల్చగా వత్తి, చిన్న చదరంగా కోసి, మధ్యలో శనగగింజంత మాంసం పెట్టి, వేలి చివర చుట్టి రెండు కొసలూ నొక్కితే ఒక అన్యోలి. గురువారానికి ఆరువందలు కావాలి. ఎర్సీలియా నాలుగువందలు దాటింది. ముప్పై ఒక్కేళ్లుగా అదే బల్ల, అదే కిటికీ, కిటికీలో అదే కాలువ. కుడి చూపుడువేలు కాస్త పక్కకి వంగిపోయింది. ఆ వంపు వల్లే అన్యోలి అంత ముద్దుగా వస్తాయని హోటలు యజమానురాలు దీర్చే మెచ్చుకుంటుంది. ఆవిడ మెచ్చుకోళ్లు అంతవరకే.

పొయ్యి మీద కోడీ ఎద్దుమాంసమూ కలిసిన సూపు సన్నసెగన కాగుతోంది. తెర్లితే మసకబారుతుంది. అందుకే వంటమనిషి పొయ్యి దగ్గర్నుంచి కదలకూడదు. కదలకుండా ఉండటానికి ఇంతకన్నా గౌరవమైన సాకు ఎర్సీలియాకి దొరకలేదు.

"ఏమే, నీ గురువారం వస్తున్నాడా ఇవాళ?" అంది దీర్చే, వైన్ సీసాలు తెస్తూ.

"నా గురువారమేమిటి? అందరి గురువారమే."

"అందరి కోసమేనా ఆ చెవిపోగులు?"

లెయార్కో కాలువ తూము తలుపులు ఎత్తి దించే ఉద్యోగం చేసి విరమించాడు. ప్రతి గురువారం చర్చి గంట పన్నెండు కొట్టేసరికి వస్తాడు. మొదటి గిన్నె అందరిలాగే పొయ్యి దగ్గర నిలబడి, జనానికి వీపు పెట్టి తాగుతాడు. వేడి సూపులో ఆరు అన్యోలి, పైన లంబ్రూస్కో. నేరేడురంగు వైన్ పడగానే నురగ గులాబీరంగులో లేచి, అంతలోనే చచ్చిపోతుంది. పులుపు కొవ్వును కోసేస్తుంది, నాలుక చివర కాస్త వగరు మిగులుతుంది. పంది మాంసానికీ ముదురు జున్నుకీ తోడు పుట్టిన వైన్ అది. మిలాన్ నుంచి వచ్చినాయనొకరు చేపతో ఇమ్మంటే, జ్వరమేమోనని దీర్చే ఆయన నుదురు పట్టుకుని చూసింది.

గిన్నెలో వైన్ ఎవరికి వాళ్లే పోసుకోవాలి. పరాయి గిన్నెలో పోసేది భార్యయినా కావాలి, నర్సయినా కావాలి అని ఊళ్లో వేళాకోళం.

పో నదికి వరద వచ్చిన ఏడు, ఎర్సీలియా ఇక్కడ పనిలో చేరిన కొత్తలో, మూడు రోజులు తూము దగ్గరే కాపలా ఉండి వచ్చిన లెయార్కో, "పొయ్యి ఆర్పి రా, నా ఎదురుగా కూర్చుని తిను" అన్నాడు. "సూపు తెర్లుతుంది" అంది ఎర్సీలియా. అతను మళ్లీ అడగలేదు. ఆమె మాత్రం ప్రతి గురువారమూ లోలోపల వేరే జవాబు చెప్పుకుంటూనే ఉంది.

మొన్నటి చలికాలం నుంచి అతని కుడిచెయ్యి వణుకుతోంది. పోయినవారం సగం వైన్ చొక్కా మీద పోసుకున్నాడు. ఎవరో నవ్వారు.

ఇవాళ అతను సీసా ఎత్తగానే ఎర్సీలియా లాక్కుని తనే పోసింది. దీర్చే చేతిలో గరిటె ఆగిపోయింది.

"భార్యవా, నర్సువా?" అన్నాడు లెయార్కో.

"ముందు తాగండి. తర్వాత తేల్చుకుందాం."

తాగాడు. మీసం చివర్లు ఊదారంగు తేలాయి. "ఈసారి పులుపెక్కువే."

"పోసిన చేతిది కాబోలు."

"ఇంకో ఇరవయ్యేళ్లు పోస్తే తీపెక్కుతుందిలే. సగం నీకుంచుతా. వస్తావా, సూపు తెర్లుతుందా?"

"తెర్లనివ్వండి."

అతను గిన్నె పట్టుకుని కిటికీ పక్క బల్ల దగ్గరికి వెళ్లాడు. ఎర్సీలియా పొయ్యి ఆర్పేసింది. దీర్చే శిలువ గుర్తు వేసుకుంది.

గోళ్లలో పిండి ఉంది. కడుక్కుంది. ఏప్రన్ విప్పి మేకుకి తగిలించింది. మూకుడు మూత అద్దంలా పట్టుకుని జుట్టు సర్దుకుంది. నచ్చలేదు, మళ్లీ సర్దుకుంది. ముప్పై ఒక్కేళ్లు ఆగినవాడు ఇంకో ఐదు నిమిషాలు ఆగడా!

లెయార్కో కుర్చీలో వెనక్కి వాలి, కాలువ వైపు ముఖం తిప్పి ఉన్నాడు. మోకాలి మీద టోపీ. ఎర్సీలియా ఎదురు కుర్చీ లాక్కుని కూర్చుంది.

"వచ్చాను" అంది.

కాసేపాగి మళ్లీ అంది. తర్వాత అతని కుడిచెయ్యి పట్టుకుంది. అది ఇప్పుడు వణకడం లేదు.

బల్ల మీద, ఆమె వైపుకి జరిపిపెట్టిన గిన్నెలో సగం సూపు, మూడు అన్యోలి, అంచు చుట్టూ ఆరిపోతున్న నేరేడురంగు చార.