వెనక్కి తిరిగే నియమం

కోపం వచ్చినప్పుడు చిజురు కమలాపండు ఒలిస్తే తొక్క చెక్కుచెదరకుండా ఒక్క ముక్కగా వస్తుంది. ఆ ఆదివారం మత్సుమోతో అనే ఊళ్లోని కమ్యూనిటీ హాలు గదిలో ఆమె ముందు అలాంటి తొక్కలు గుట్టపడ్డాయి. మిగతా నలుగురూ ఇంకా గమనించలేదు.

వాళ్లది పాచికలతో ఆడే కథ. ఒకరు కథ నడిపిస్తారు, మిగిలినవాళ్లు అందులో మనుషులై నడుస్తారు. అందరూ కలిసి రాస్తున్న ఆటపుస్తకంలో కొండలూ అడవులూ దాటే అధ్యాయం చిజురుది. వాన ఎప్పుడు మంచవుతుంది, మేజోళ్లు తడిస్తే మర్నాటి నడక ఎంత మందగిస్తుంది, దారి తప్పినవాడికి తప్పానని ఎప్పటికి తెలుస్తుంది, అన్నీ అన్నం ఉడికేలోపు పొయ్యి పక్కన నిలబడి రాసుకుంది.

బృందానికి పెద్ద అయిన హనాజిమా అచ్చుకు వెళ్లే ప్రతిలో ఒక్కచోటే చెయ్యి పెట్టాడు. సరిగ్గా పెట్టకూడనిచోట పెట్టాడు.

ఆమె రాసింది ఇది: కనుమ దాటేముందు ప్రతివాళ్లూ గో అనే గళ్లబల్ల ఆటలో వాడే రాయి ఒకటి సంచిలో వెయ్యాలి. తెల్లది ముందుకి, నల్లది వెనక్కి. ఒక్క నల్లరాయి ఉన్నా అందరూ వెనుదిరగాలి. ఎవరు వేశారని అడక్కూడదు.

ఆయన దిద్దింది ఇది: వెనక్కి వెళ్దామనుకునేవాళ్లు చెయ్యెత్తాలి. ఎక్కువమంది ఎటంటే అటు.

"ఎందుకు మార్చారండీ?"

"రక్తి కట్టద్దూ, చిజురుగారూ! పిరికివాడెవడో తెలిస్తేనే కదా మజా. ఒకడికి భయమేసిందని అందరూ ఇంటికెళ్లి సూప్ తాగుతూ కూర్చుంటే ఆ ఆట ఎవడు కొంటాడు?"

"సూప్ తాగడం అంత చిన్నతనమని తెలీక మా ఇంట్లో మీకు మూడోసారి కూడా పోశాను. క్షమించండి."

పక్కన కూర్చున్న తోకికో కిసుక్కుమంది. హనాజిమా కూడా నవ్వేసి, "అందరికీ నా మార్పు ఇష్టమేగా?" అన్నాడు. మూడు తలలు ఊగాయి. మందుల షాపు ఒనోదెరా అయితే పాచికల వంక చూస్తూ రెండుసార్లు ఊపాడు.

"అయితే ఒకసారి ఆడి చూద్దాం," అంది చిజురు.

కథ తనే నడిపింది. కనుమ దగ్గర మంచు మొదలైంది. గాలి పెరిగింది. "వెనక్కి వెళ్దామనేవాళ్లు చెయ్యెత్తండి."

ఒక్క చెయ్యీ లేవలేదు. కాసేపటికి కనుమ నలుగురినీ మింగేసింది.

"నాకప్పుడే అనిపించింది, వెనక్కెళ్తే బాగుండునని," అన్నాడు ఒనోదెరా.

"నాకూనూ!" అంది తోకికో.

"నేనైతే సగం ఎత్తానక్కా," అన్నది అందరిలో చిన్నదైన మకాబె. "అందరూ చూస్తున్నారని జుట్టు సర్దుకున్నా."

అందరూ పడీపడీ నవ్వారు. చిజురు నవ్వలేదు.

కాలేజీ కొండల క్లబ్బుతో వెళ్లిన ఆమె తమ్ముడు యసుహికో అలాంటి కనుమ దగ్గరే పోయాడు. తిరిగొచ్చిన స్నేహితులు ఒక్కొక్కరే ఇంటికొచ్చి చాప మీద మోకరిల్లారు. "నాకూ వెనక్కి రావాలనే ఉందక్కా. సీనియర్‌కి చెప్పలేకపోయాను." అందరిదీ అదే మాట. ఆమె అందరికీ టీ పోసింది. చివరివాడి కప్పు నిండి పొర్లినా పోస్తూనే ఉంది.

ఇప్పుడు లేచి, నలుగురి చేతుల్లో తలో నల్లరాయీ తెల్లరాయీ పెట్టింది.

"హనాజిమాగారి మార్పు ఉండాలంటే తెల్లది సంచిలో వెయ్యండి. వద్దంటే నల్లది. రెండోది జేబులో దాచుకోండి."

"ఇందాకే ఒప్పుకున్నారు కదండీ!"

"అయితే మీకు భయమేముంది? వెయ్యండి."

సంచి చుట్టూ తిరిగొచ్చింది. ఆమె దాన్ని బల్ల మీద బోర్లించింది. మూడు నల్లరాళ్లు, ఒక తెల్లరాయి.

హనాజిమా ముఖం జేవురించింది. ఒక్కొక్కరినీ చూస్తూ, "ఎవరు..." అన్నాడు.

"అడక్కూడదు."

"పోనీ, తెల్లది నాదని చెప్పుకోవచ్చా?"

"అదీ కుదరదు. మిగతావి ఎవరివో తెలిసిపోతుంది."

ఒనోదెరా దగ్గు నటించాడు. హనాజిమా అచ్చు ప్రతిని ఆమె వైపు తోశాడు. చిజురు ఆయన దిద్దిన వాక్యాలను కాగితం చిరిగేంత గట్టిగా కొట్టేసింది.

"గెలిచావుగా అక్కా, ఇంకా కోపమేంటి?" అంది మకాబె.

"గెలిచానా?" అంది చిజురు. "మీరు ముగ్గురూ ఇందాక తలలూపారు."

ఆమె ఇంకో కమలాపండు తీసుకుంది.