పెదనాన్న ఏసీ కారు, మూడు జాలీలు

మా సలోమి అక్క ప్రధానం రోజున స్పృహ తప్పి పడిపోయింది. ఏప్రిల్ నెల, రేకుల హాలు, ఒంటిమీద పట్టుచీర, పొద్దుటినుంచీ కడుపులో మంచినీళ్ళు తప్ప ఏమీ లేవు. ఎవరైనా పడిపోతారు. కానీ మగపెళ్ళివారి వెనక వరసలో ఎవరో మూర్ఛేమో అన్నారు. ఆ మాట ముందు వరసకి చేరేసరికి చిన్నప్పటినుంచీ ఉందట అయింది. పెళ్ళికొడుకు తల్లి జయమ్మ గారు వెళ్ళేటప్పుడు అక్క తల్లి, మా మార్తమ్మ పెద్దమ్మ చేతులు పట్టుకుని, పెళ్ళిరోజున కూడా అమ్మాయి ఇలాగే అయితే మేం మళ్ళీ ఆలోచించుకోవలసి వస్తుందని ఎంతో మర్యాదగా చెప్పి వెళ్ళారు.

పెళ్ళి మే నెలలో, రాజోలు దగ్గర వాళ్ళ ఊరి చర్చిలో. కొత్తపేట పక్కనున్న మా ఊరినుంచి గంటన్నర ప్రయాణం. ఆ ఎండలో అక్క చర్చి గుమ్మం దాకా నిటారుగా ఎలా వెళ్తుందని పెద్దమ్మకి నిద్ర పట్టడం మానేసింది.

ఏసుదాసు పెదనాన్నకి మాత్రం బెంగ లేదు. ఆయన ఎనిమిదేళ్ళు మస్కట్‌లో పనిచేసి వచ్చి, ఒక ముసలి తెల్లకారు కొని, దానికి ఏసీ పెట్టించారు. అమలాపురానికీ రాజోలుకీ మధ్య అలాంటి కారు ఇంకోటి లేదని ఆయన నమ్మకం. పిల్లని మంచుగడ్డలా తీసుకెళ్ళి దింపుతానని అందరికీ చెప్పేశారు.

ఆ కారులో ముందు సీటు బల్లలా ఒకటే ఉంటుంది. ముగ్గురు పడతారు. వాళ్ళ మోకాళ్ళకి ఎదురుగా ఏసీ డబ్బా, దానికి గాలి వచ్చే జాలీలు మూడు. ఒక్కో జాలీకి ఒక చిన్న మీట. కిందికి నొక్కితే జాలీ మూసుకుపోతుంది.

పెళ్ళికి పది రోజుల ముందు అందరం కారెక్కి ఐనవిల్లి దాకా వెళ్ళి చూశాం. ఊళ్ళో ఉండగా గాలి బాగానే వచ్చింది. ఊరు దాటగానే పలచబడింది. సగం దూరం వెళ్ళేసరికి ఎవరో నిద్రలో ఊపిరి తీస్తున్నట్టు వస్తోంది. పెద్దమ్మ అక్క మొహంకేసి చూసి విసనకర్ర తీసింది.

మర్నాడు కొత్తపేటనుంచి మెకానిక్ వీర్రాజు వచ్చాడు. డబ్బా విప్పి, గుప్పెడు దుమ్మూ కొంచెం కొబ్బరిపీచూ తీశాడు. బెల్టు బిగించాడు. గ్యాసు చూశాడు. మూడు జాలీలూ తెరిచి, ఒక్కడే కూర్చుని ఊరు చుట్టూ రెండుసార్లు తిరిగి వచ్చాడు. దిగేటప్పటికి అతని జుట్టంతా వెనక్కి పోయి ఉంది.

ఆ సాయంత్రం మేం ఎక్కితే మళ్ళీ అదే వరస. వీర్రాజు మళ్ళీ వచ్చాడు. డబ్బా కింద కారుతున్న నీళ్ళు చూపించి, గాలి బయటికి పోయే దారి లేకపోతే లోపల మంచు కట్టేసి, ఉన్న గాలి కూడా ఆగిపోతుందని చెప్పాడు. మళ్ళీ ఒక్కడే తిరిగి వచ్చాడు. మళ్ళీ బ్రహ్మాండంగా వచ్చిందట.

"నువ్వెక్కితే ఊదుతాది, నేనెక్కితే ఊదదు. దానికి నేనంటే పడదా?" అన్నారు పెదనాన్న.

"బండిలో ఏ లోపమూ లేదండి, ఆయ్" అన్నాడు వీర్రాజు, తలకాయ వంచుకుని.

మూడోసారి తిరిగినప్పుడు నన్ను వెనక సీటు మధ్యలో కూర్చోబెట్టారు. అక్కడినుంచి ముందు సీట్లో ఉన్న ముగ్గురి చేతులూ కనిపిస్తాయి. మా వీధి మలుపు తిరగగానే డ్రైవరు సూరయ్య తన ఎదురుగా ఉన్న జాలీ మూసేశాడు. యజమాని పక్కన కూర్చుని చల్లగాలి తినడం అతనికి బాగుండదు. కాలవ వంతెన దగ్గర పెదనాన్న తనది మూసేశారు. తను మూస్తే ఆ గాలి వెనక ఉన్న ఆడపిల్లలకి వెళ్తుందని ఆయన ఉద్దేశం. జలుబు చేస్తుందని పెద్దమ్మ తనది ఎప్పుడో మూసేసింది. ఇల్లు చేరాక, గాలి రాలేదని ముగ్గురూ కలిసి వీర్రాజుని తిట్టారు.

ఈ సంగతి చెప్పడానికి పెదనాన్న దగ్గరకి మూడుసార్లు వెళ్ళాను. మూడుసార్లూ ఆయన "ఏమ్మా చిన్నమ్మలూ" అన్నారు. మూడుసార్లూ ఏంలేదని చెప్పి వచ్చేశాను. పెద్దవాళ్ళతో మీవల్లేనని ఎలా అంటాం? పెళ్ళిరోజున ముందు సీట్లో పెద్దమ్మ ఉండదు, పెళ్ళికూతుర్ని తీసుకెళ్ళడానికి మగపెళ్ళివారి తరఫున వచ్చే పెద్దమనిషి ఉంటారు, అతిథి కదా ఆయనైనా గాలి తీసుకుంటారు అని సర్దుకున్నాను.

ఆ వచ్చినాయన జయమ్మ గారి అన్నయ్య ఏలీయా మాస్టారు. రిటైరైన హెడ్మాస్టరు, గంజిపెట్టిన తెల్ల లాల్చీ. మర్యాదలో మా పెదనాన్నని మించినవారు. వెనకాల నేను మధ్యలో, ఒక పక్క అక్క, ఇంకో పక్క పెద్దమ్మ. మలుపు తిరగగానే సూరయ్య తనది మూసేశాడు.

"మీ వైపు బాగా వస్తుందాండి మాస్టారూ?" అన్నారు పెదనాన్న.

"నాకెందుకండి? వెనకాల పెళ్ళికూతురుంది కదండి" అని మాస్టారు జాలీ మూసేశారు.

"మీరే మూసేసుకుంటే నేనెలా తీసుకుంటానండి" అని పెదనాన్న తనదీ మూసేశారు.

ఇద్దరూ సంతృప్తిగా వెనక్కి ఆనుకున్నారు. గన్నవరం అక్విడెక్టు వంతెన దగ్గరికి వచ్చేసరికి కొబ్బరికాయల లారీ అడ్డం పడి కారు ఆగింది. అక్క పైపెదవి మీద చెమట చుక్కలు లేచాయి. నా చెయ్యి పట్టుకున్న ఆమె వేళ్ళు వదులవుతున్నాయి. పెద్దమ్మ విసనకర్ర తియ్యబోయి, మాస్టారు చూస్తారని మళ్ళీ కొంగులో దాచేసింది.

నోరు తెరిచాను. మాట రాలేదు. అందుకని లేచి, పెద్దవాళ్ళిద్దరి భుజాల మధ్యనుంచి చెయ్యి పెట్టి రెండు జాలీలూ తెరిచేశాను. సూరయ్యది అందక సీటు మీద సగం పడుకుని అది కూడా లాగేశాను. డబ్బా ఒకసారి దగ్గినట్టయి, లోపలి మంచునీళ్ళు మాస్టారి కళ్ళద్దాల మీదా లాల్చీ మీదా చిమ్మింది. ఆ వెనకే గాలి వచ్చింది.

మాస్టారి చెయ్యి వెంటనే మీట మీదకి పోయింది.

"ఎవరూ ముయ్యకండి" అన్నాను. "ముగ్గురూ మూసేస్తే ఎవరికీ రాదండి. పది రోజుల్నుంచీ మూసేస్తున్నారు."

మాస్టారు కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, "మరి ముందే చెప్పొచ్చు కదమ్మా" అన్నారు. చెయ్యి అలవాటుగా మళ్ళీ మీట మీదకి పోకుండా తొడ కింద పెట్టుకున్నారు. పెదనాన్న చేతులు కట్టుకున్నారు. సూరయ్య ఆ చల్లగాలిలో దొంగతనం చేసినవాడిలా ఒదిగి కూర్చుని నడిపాడు. రాజోలు దాటేసరికి అక్క ముసుగు సర్దుకుని, చలేస్తోందని నా చెవిలో చెప్పింది.

చర్చి మెట్ల దగ్గర జయమ్మ గారు నిలబడి ఉన్నారు. అక్క తనంతట తను దిగింది. జయమ్మ గారు అక్క నుదుటి మీద చెయ్యి వేసి వెంటనే తీసేశారు.

"అన్నయ్యా, ఇంత చల్లగా ఉందేంటి? చలిజ్వరమా?"

పెద్దమ్మ నా భుజం పట్టుకుంది. మాస్టారు కళ్ళద్దాలు తీసి, అంతమంది ముందు తలకాయ వంచి, "నాది కూడా చూడు" అన్నారు. జయమ్మ గారు అన్నగారి నుదురు చూశారు. తరవాత అనుమానం తీరక సూరయ్యని పిలిచి అతని చెయ్యి కూడా పట్టుకు చూశారు.

అదీ చల్లగానే ఉంది. జయమ్మ గారు అక్క చెయ్యి పట్టుకుని మెట్లెక్కించారు. పెళ్ళికొడుకు దగ్గర వదిలిపెట్టి తన బెంచీకి వెళ్ళాలి కదా, వెంటనే వెళ్ళలేదు. పాస్టరుగారు పుస్తకం తెరిచేదాకా ఆ చెయ్యి పట్టుకునే నిలబడ్డారు. లోపల ఉక్కగా ఉంది, ఆ చెయ్యి చల్లగా ఉంది.