పెరిగిన జాడీ

సైదమ్మ ఇంట్లో మనిషి కంటే గాజుకే ఎక్కువ చోటు. పప్పుడబ్బాలు ఉండాల్సిన అరలో ఖాళీ సీసాలు. మంచం కింద అట్టపెట్టెల్లో గ్లాసులు. కిటికీ గూట్లో రంగులు ఆరుతున్న గిన్నెలు. మంచంలో సగం, గాజు చుట్టడానికి దాచిన పాత పేపర్లకే పోగా, ఆవిడ నడుం వాల్చడానికి మిగిలింది తక్కిన సగం.

దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ల వెనక గల్లీలో ఉన్న ఒంటి గది అది. పై వాటాలో ఇంటి ఓనరు వేదవతి ఉంటుంది. గుంటూరు వైపు మనిషి. మెట్లు దిగినప్పుడల్లా ఏదో ఒక మాట విసరందే ముందుకు కదలదు.

"ఏవండీ సైదమ్మగారూ, ఊళ్లో మందు సీసాలన్నీ మీ గుమ్మంలోనే ఉన్నాయి. చూసినవాళ్లు మా ఇంటి గురించి ఏమనుకుంటారండీ?"

"తాగెటోళ్లు పైన ఉంటరు, సీసాలు కింద పెడ్తరు అనుకుంటరమ్మా."

వేదవతి నవ్వుకుంటూ కూరగాయలకు పోయేది. ఆ రోజుకి సైదమ్మతో మనిషన్నవాళ్లు మాట్లాడిన మాట అదొక్కటే అయిన రోజులు చాలా ఉన్నాయి.

భర్త జానయ్య ఉన్నప్పుడు అద్దాల దుకాణంలో పనిచేసేవాడు. అంచు చిట్లినవీ, అమ్ముడుపోనివీ అడిగి ఇంటికి తెచ్చేవాడు. నల్గొండ జిల్లాలో పుట్టిన ఊళ్లో వాకిలి నిండా ముగ్గులేసిన చెయ్యి సైదమ్మది. పట్నంలో వాకిలి లేదు. అందుకని ఆ ముగ్గులన్నీ గ్లాసుల మీదికి ఎక్కాయి. జానయ్య పోయాక ఈ ఆరేళ్లుగా అదే బతుకుతెరువైంది. గోరింటాకు కోను లాంటి దానితో గాజు మీద సన్నటి గీత గీయాలి. గీత ఆరాక మధ్యలో రంగు నింపాలి. ఆ తర్వాత కేకులు చేసే చిన్న ఓవెన్‌లో సన్నని వేడి మీద కాల్చాలి. అలా కాలిస్తేనే కడిగినా రంగు పోదు. అయితే ఓవెన్ పూర్తిగా చల్లారేదాకా తలుపు తీయకూడదు. తొందరపడితే గాజు ఊరుకోదు.

జోస్నా ఆ ఇంటికి మొదటిసారి వచ్చింది మూడేళ్ల కిందట. ఎల్బీనగర్ నుంచి రోజూ కోచింగ్‌కు వచ్చే పిల్ల. తల్లి లేదు, తండ్రి ఒక్కడే. స్నేహితురాలి పుట్టినరోజుకు గ్లాసు మీద పేరు కావాలని కాగితం మీద రాసిచ్చింది. సైదమ్మ కాగితాన్ని గోడకు ఆనించి గీయడం మొదలుపెట్టింది.

"ఆంటీ, కాయిదం ఉల్టా పెట్టినవ్."

"సీదా అయినా ఉల్టా అయినా నాకు ఒక్కటే బిడ్డా. నేను రాస్తలేను, బొమ్మ గీస్తున్న."

పిల్ల నవ్వలేదు. కాగితాన్ని తిప్పి పెట్టి, ఆ పూటకి వెళ్లిపోయింది. మర్నాడు క్లాసు కాగానే మళ్లీ వచ్చి, కిటికీ అద్దం మీద తడివేలితో 'స' అని రాసింది. "గిది నువ్వు," అంది. అట్లా రోజుకో అక్షరం. ఏడాది తిరిగేసరికి సైదమ్మ బస్సుల మీది పేర్లు చదివింది, దుకాణాల బోర్డులు చదివింది. మందుల చీటీ చదవబోతే రాలేదు. "గది డాక్టర్లకే రాదు ఆంటీ," అని జోస్నా పడీపడీ నవ్వింది.

కోచింగ్ అయిపోయింది, ఉద్యోగం వచ్చింది. అయినా జోస్నా శనివారం సాయంత్రం మాత్రం తప్పేది కాదు. మంచం మీది పేపర్లను నెట్టేసి కూర్చునేది, ఆఫీసులో అందరి చాడీలూ చెప్పేది. సైదమ్మ శుక్రవారం నుంచే టీ పొడి ఉందా లేదా అని చూసుకునేది.

ఆ పిల్లకు పెళ్లి కుదిరింది. చర్చిలో పెళ్లి, ఎల్బీనగర్ ఫంక్షన్ హాల్లో విందు. విందు బల్లల మీదికి పన్నెండు గాజు దీపాలు కావాలంది, లోపల కొవ్వొత్తి పెట్టేవి. ఆ తర్వాత సంచిలోంచి చీరముక్కలో చుట్టినదొకటి తీసింది. పచ్చటి మందపాటి గాజు జాడీ. ఒకపక్క చిన్న బుడగ.

"మా అమ్మ దీంట్ల చక్కెర పోసేది. కిరాయిండ్లు మారంగ మారంగ అమ్మయి అన్నీ పోయినయి, గిదొక్కటే మిగిలింది. దీని మీద మల్లెపూలు వేసి, అమ్మ పేరు రాయి. కాంతమ్మ అని. లోపల దీపం పెట్టి, మా ముంగటి బల్ల మీద అమ్మ ఫొటో పక్కన పెడ్త. పెండ్లి దాంక నేను సూడ. ముందుగాల ఫొటో గూడ పంపకు."

"నాకు భయమైతది బిడ్డా."

"నీకేం భయం? ఇంకోటి విను. పెండ్లికి నువ్వు మా అమ్మ తరఫున వస్తున్నవ్. ముంగటి కుర్చీల కూసోవాలె. ఏదో పనుందని ఎగ్గొట్టినవో, చూడు మల్ల!"

సైదమ్మ జాడీని తుడుస్తున్నట్టు తల వంచుకుంది. జానయ్య పోయాక ఆవిడను పెళ్లిలో ముందు కూర్చోమన్నవాళ్లు లేరు. సొంత ఆడబిడ్డ కూతురి పెళ్లిలోనూ తలంబ్రాల వేళకు, "జర అవుతలికి జరుగు వదినె," అన్నారు. సైదమ్మ జరిగింది.

జాడీ పని మీద నాలుగు రోజులు కూర్చుంది. మల్లెలు వేసింది, ఆకులు వేసింది. పేరు మాత్రం ఎవరూ కాగితం మీద రాసివ్వలేదు. తనంతట తాను, చూసి గీయకుండా, గాజు మీద రాసిన మొదటి పేరు అదే. 'కాం' దగ్గర సున్న గుండ్రంగా వచ్చేదాకా ఊపిరి బిగబట్టింది. మ కింద ఒత్తు పెట్టి, దూరం జరిగి చదువుకుంది. మళ్లీ చదువుకుంది.

కాల్చడం అయి, ఓవెన్ ఆపి పావుగంటైనా కాలేదు. గంటకు పైన ఆగాలని ఆవిడకు తెలుసు. ఓవెన్ అద్దంలోంచి ఆ పేరు కనిపిస్తూ ఉంది. ఎండ పోకముందే వెలుతురులో ఒకసారి చూసుకోవాలనిపించింది. తలుపు తీసి, మందపాటి గుడ్డతో పట్టుకుని, జాడీని వంటగట్టు మీద పెట్టింది. గట్టు అంతకుముందే కడిగింది, బండ ఇంకా తడిగా ఉంది.

టక్‌మని ఒక్కటే చప్పుడు. జాడీ నిలువునా విచ్చుకుని కూలింది. 'కాం' ఒక పెంకు మీద, 'తమ్మ' ఇంకో పెంకు మీద.

సైదమ్మ గుడ్డతోనే ఆ రెండు పెంకులనూ పక్కపక్కన ఆనించి చూసింది. తర్వాత ఫోన్ తీసింది.

"బిడ్డా, జాడీ..." అని ఆగిపోయింది. అవతల ఉన్నది పెళ్లిపిల్ల. పెళ్లికి ఇంకా తొమ్మిది రోజులుంది. సైదమ్మ పుట్టిన ఊళ్లో ముత్తయిదువ చేతి గాజు పగిలితే పగిలిందని అనరు, పెరిగిందంటారు. తాళిపోగు తెగినా పెరిగిందనే అంటారు. చెడ్డమాట నోటితో అనకూడదు. విన్నవాళ్లు "మంచిదే" అనాలి. జానయ్య పోయిన పదోరోజున సైదమ్మ చేతి గాజుల దగ్గర మాత్రం ఎవరికీ ఆ మర్యాద గుర్తు రాలేదు. "పగులగొట్టుండ్రి," అని పెద్దామె ఒకామె గట్టిగానే చెప్పింది.

"జాడీ పెరిగింది బిడ్డా," అంది సైదమ్మ.

అవతల మెట్రో రైలు రొద. "ఏంది ఆంటీ? పెరిగిందా?"

"పెరిగింది."

"మంచిదే గద ఆంటీ! నాయినకు నేను జెప్త. నువ్వేం పరేషాన్ గాకు. నీ గొంతేంది గట్లున్నది, సర్ది అయిందా? గోలి వేసుకో. నా స్టేషన్ వచ్చింది, పెడ్తున్న."

సైదమ్మ ఫోన్ గుండెకు ఆనించుకుని కూలబడింది. తల్లి మిగిల్చిన ఒక్క వస్తువు పోతే 'మంచిదే' అంది. పట్నంలో పెరిగిన పిల్ల, పైగా కిరస్తానీ ఇంటి పిల్ల, ఈ మర్యాద ఎక్కడ నేర్చుకుందో అనుకుంది. ఆ పిల్ల మనసు ఎంత పెద్దదో అనుకుని, కళ్లు తుడుచుకుంది. పగిలిన గాజు ఇంట్లో ఉంచుకోకూడదు గనక పెంకులను పేపర్లో చుట్టి, పొద్దున్నే చెత్త బండిలో వేసేసింది. ఆ తర్వాత మిగిలిన రోజులన్నీ పన్నెండు దీపాల పని మీదే కూర్చుంది. జాడీకి చేయలేనిదంతా వాటికి చేసింది.

పెళ్లికి ముందురోజు మధ్యాహ్నం, అట్టపెట్టెలు ఒళ్లో పెట్టుకుని ఆటోలో ఎల్బీనగర్ వెళ్లింది. జోస్నా తండ్రి ఇశ్రాయేలు ఎదురొచ్చి పెట్టెలు అందుకున్నాడు. ఆయనదీ నల్గొండ పక్క పల్లెటూరే, ఆర్టీసీలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యాడు.

"వందనాలు చెల్లె. కూసో, నీళ్లు తాగు."

జోస్నా నేల మీద కూర్చుని, పేపర్లు విప్పుతూ ఒక్కొక్క దీపాన్నీ వెలుతురుకు ఎత్తి చూసింది. "అబ్బ! ఆంటీ, గివి సూస్తే తిండి మీద ఎవరికన్న ధ్యాసుంటదా?" పన్నెండోది కింద పెట్టి, ఖాళీ పెట్టెలో చెయ్యి పెట్టి తడిమింది. "అమ్మదేది? విప్పి సూడ గనీ."

"చెప్పిన గద బిడ్డా. పెరిగిందని."

"అవ్, పెరిగిందన్నవ్, అందం పెరిగిందని గద. ఆటోల మర్చిపోయినవా ఏంది?"

సైదమ్మకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక చేతిలోని నీళ్ల గ్లాసు కింద పెట్టింది. ఇశ్రాయేలు ఆవిడ మొహంకేసి చూశాడు, కూతురికేసి చూశాడు.

"జోస్నా," అన్నాడు నెమ్మదిగా, "మన ఊర్ల దిక్కు... గాజు పగిలితే పెరిగిందంటరు బిడ్డా."

"పగిలిందా?"

సైదమ్మ తల ఊపింది.

"పగిలితే పగిలిందని చెప్పాలె గద ఆంటీ!"

"పెండ్లిపిల్లతోని ఆ మాట అనద్దని..."

"మాకు గవన్నీ లేవు! ఆఫీసుల అందరికి చెప్పిన, మా అమ్మ జాడీ మస్తు తయారైందని. సరే. పెంకులేవి? పెంకులన్న తెచ్చినవా? ఎట్లనో ఒకట్ల అంటుబెట్టిస్త."

"చెత్త బండిల ఏసిన బిడ్డా. నువ్వు మంచిదే అన్నవని."

జోస్నా చేతిలో నలిగిన పేపర్ ఉంది. దాన్ని మడతపెట్టింది, ఇంకా మడతపెట్టింది. సైదమ్మకు ఓవెన్ చెడిపోయిందని చెప్పాలనిపించింది. కరెంటు పోయి వచ్చిందని చెప్పినా నమ్ముతారు. గాజు పాతదై లోపల ముందే నెర్రె ఉందన్నా కాదనేవాళ్లు లేరు.

"ఓవెన్ సల్లారేదాంక ఆగాలె," అంది. "నేనాగలే. పేరు ఎట్లొచ్చిందో సూద్దామని ముందే తీసిన. తడి బండ మీద పెట్టిన. నా చేతులనే పగిలింది."



"గాజు వస్తువాయె చెల్లె," అన్నాడు ఇశ్రాయేలు. "ఎన్నొద్దులుంటది."

జోస్నా లేచి నిలబడింది. ఏడవలేదు, కేకలేయలేదు. "సరే ఆంటీ. దీపాలు మంచిగున్నయి. మీరు పోండి, మల్ల ట్రాఫిక్ అయితది."

మూడేళ్లలో ఆ పిల్ల సైదమ్మను 'మీరు' అనలేదు. గల్లీలో వేదవతి అందరినీ మీరు అంటుంది, అది వాళ్ల వైపు అలవాటు. ఈ పిల్ల నోట ఆ మాట, ముఖం మీద నెమ్మదిగా తలుపు వేసినట్టుంది. సైదమ్మ చెప్పులేసుకుని మెట్లు దిగింది.

మర్నాడు వెళ్లాలా వద్దా అని పొద్దంతా కొట్టుమిట్టాడింది. పోకపోతే దాక్కున్నట్టుంటుంది. పైగా ఆ దీపాల్లో కొవ్వొత్తులు సరిగ్గా నిలబెట్టకపోతే గాజు మసిబారుతుంది, ఆ సంగతి అక్కడ ఎవరికీ తెలియదు. చర్చికి పోలేదు గానీ, సాయంత్రం విందుకు జనం రాకముందే హాలుకు చేరింది. బల్ల బల్లకూ తిరిగి, పన్నెండు దీపాలూ తానే వెలిగించింది. రంగులు తెల్లటి గుడ్డల మీద పరుచుకున్నాయి. వేదిక ముందున్న బల్ల మీద కాంతమ్మ ఫొటో ఉంది, పక్కన తెల్ల గులాబీలు పెట్టారు. దాని దగ్గరికి మాత్రం వెళ్లలేకపోయింది.

జనం వచ్చారు. ముందు వరస కుర్చీలు మేనత్తలతో, పాస్టరమ్మతో, ఆఫీసు స్నేహితులతో నిండిపోయాయి. సైదమ్మ వెనక గోడవార కూర్చుంది. అక్కడి నుంచి జోస్నా తెల్లచీర అంచు, ముసుగు మాత్రమే కనిపించాయి. అందరూ చప్పట్లు కొట్టినప్పుడు తానూ కొట్టింది.

ఫొటోలు అయ్యాక పెళ్లికూతురు బల్లల మధ్య నుంచి అందరినీ పలకరిస్తూ వచ్చింది. గోడ దగ్గరికి వచ్చినప్పుడు సైదమ్మ లేచి నిలబడింది. జోస్నా ఒక్క క్షణం ఆగింది. పెదవి కదిలింది. ఏదో అనబోయినట్టే ఉంది. వెనక నుంచి ఎవరో పిలిచారు.

"దీపాలు మస్తున్నయని అందరంటున్నరు ఆంటీ," అంది. అంతవరకూ అందరికీ ఇచ్చిన నవ్వే ఇచ్చింది. "తిని పోండి."

"తింట బిడ్డా. సల్లగుండు."

తినమంది కాబట్టి తింది. ప్లేటులో బగారన్నం, మటన్ పెట్టించుకుని, ఒక బల్ల చివర కూర్చుంది. బల్ల నడుమ తన దీపం వెలుగుతోంది. ఎదురుగా కూర్చున్న కుటుంబం లేచి ఐస్‌క్రీం దగ్గరికి పోయింది. మటన్ బాగా ఉడికింది, ఉప్పూ కారం సరిగ్గా పడ్డాయి. పెళ్లివంట ఇంత కుదరడం అరుదు. ఆ మాట అందామని పక్కకు తిరిగింది.

పక్క కుర్చీలో ఎవరిదో హ్యాండ్‌బ్యాగు ఉంది. సైదమ్మ మెతుకు మిగలకుండా తిని, చెయ్యి కడుక్కోవడానికి లేచింది.